కుతుబ్‌షాహీ వెండి రూపాయి అని చెప్పి అమ్మారు, దీని మీది రాత చదవడంలో సాయం కావాలి

పాతబస్తీ_పావలా
మొన్న ఆదివారం ఒక నాణేల ప్రదర్శనలో తొమ్మిది వేల రూపాయలు పెట్టి ఒక వెండి నాణెం కొన్నాను. "గోల్కొండ కుతుబ్‌షాహీల రూపాయి, చాలా అరుదు" అని అమ్మిన వ్యాపారి చెప్పాడు. ఇంటికి తెచ్చి భూతద్దం కింద పెట్టి చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. బొమ్మ ఏదీ లేదు, రెండు వైపులా పారసీ రాతే ఉంది. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది అయినట్టు రాత చాలా చోట్ల అంచు దగ్గర తెగిపోయింది. ఒక వైపు మూడు నిలువు గీతలు, వాటి పక్కన చిన్న సున్నా ఉన్నాయి కనుక అది హిజ్రీ (ముస్లింల చాంద్రమాన శకం) 1110 అనుకుంటున్నాను. రెండో వైపు 48 అని ఉంది. తెలిసిన కంసాలి దగ్గర తూయిస్తే 11.42 గ్రాములు తూగింది. ఒక వైపు అంచుకు దగ్గరగా రెండు చిన్న గుచ్చుడు గుర్తులు కూడా ఉన్నాయి. ఇది నిజంగా కుతుబ్‌షాహీలదేనా, లేక నేను మోసపోయానా?

గోల్కొండ_ఫలూస్
మీరు చదివిన తేదీ ఒప్పో తప్పో పక్కన పెడదాం. గోల్కొండ కోట 1687 సెప్టెంబరులో ఔరంగజేబు చేతికి చిక్కింది, అది హిజ్రీ 1098. ఆ తర్వాతి సంవత్సరం ఉన్న నాణెం కుతుబ్‌షాహీలది అయ్యే అవకాశమే లేదు. పైగా కుతుబ్‌షాహీల పేరు మీద మనకు మామూలుగా దొరికేవన్నీ రాగి నాణేలు. ఆ రోజుల్లో గోల్కొండ రాజ్యంలో పెద్ద వ్యవహారాలు బంగారు హొన్నులతో నడిచేవి. ఎవరైనా "కుతుబ్‌షాహీ వెండి రూపాయి" అనగానే చెవులు రిక్కించుకోవాలి.

నల్లగొండ_మాస్టారు
నాకు ఇంకో అనుమానం ఉంది. మొఘల్ రూపాయి మీద ఒక వైపు హిజ్రీ సంవత్సరం, మరో వైపు పాదుషా సింహాసనమెక్కిన తర్వాత ఎన్నో ఏడు నడుస్తోందో ఆ సంఖ్య ఉంటాయి. ఔరంగజేబు పాలనా సంవత్సరాల లెక్క హిజ్రీ 1068 రంజాన్ నెల నుంచి మొదలవుతుంది. ఆ లెక్కన 1110లో నడిచినవి 42, 43వ సంవత్సరాలు. మీ నాణెం మీద 48 ఉందంటున్నారు కనుక రెండూ పొసగడం లేదు. నకిలీలు చేసేవారు చాలాసార్లు ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే ఒక నాణెం ముందు వైపు, వేరే నాణెం వెనక వైపు తీసుకుని అచ్చు చేస్తారు.

పాతబస్తీ_పావలా
మాస్టారి మాట చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తొమ్మిది వేలు మా అమ్మాయి స్కూటీ కోసం దాస్తున్న డబ్బులోంచి తీసినవి.

శరాబు_మనుమడు
తొందరపడి నకిలీ అని తేల్చకండి. మీరు సున్నా అంటున్న ఆ గుర్తు ఎంత ఉందో చూసి చెప్పండి. చుక్కలా చిన్నగా ఉందా, లేక లోపల ఖాళీతో గుండ్రంగా ఉందా?

పాతబస్తీ_పావలా
గుండ్రంగానే ఉంది, లోపల ఖాళీ ఉంది. కొంచెం గుండె ఆకారంలా కూడా కనిపిస్తోంది.

శరాబు_మనుమడు
అయితే అది సున్నా కాదు, ఐదు. పారసీ, అరబీ అంకెల్లో సున్నాను చుక్కలా రాస్తారు, మన కంటికి సున్నాలా కనిపించేది 5. కనుక మీ నాణెం మీది సంవత్సరం 1110 కాదు, 1115. కొత్తగా ఈ నాణేలు చదివే ప్రతి ఒక్కరూ ఈ గుంటలో ఒకసారి పడతారు. రంజాన్ 1114 నుంచి 47వ సంవత్సరం, రంజాన్ 1115 నుంచి 48వ సంవత్సరం నడిచాయి. అంటే 1115 పక్కన 47 గానీ 48 గానీ ఉంటే సరిగ్గా సరిపోతుంది.

నల్లగొండ_మాస్టారు
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదివిన తేదీ సరైనదా అని అడగకుండానే నేను లెక్క వేశాను, ఆయనకు నిద్ర లేకుండా చేశాను. అయితే ఒక్కటి మాత్రం సరిచూడాలి, అది 47 కాదు, 48 అని మీకు నమ్మకమేనా? పారసీ ఏడు అంకె కొన పైకి తెరుచుకుని, ఎనిమిది కొన కిందికి తెరుచుకుని ఉంటాయి. నాణేన్ని తలకిందులుగా పట్టుకుంటే ఒకటి ఇంకొకటిగా మారిపోతుంది.

పాతబస్తీ_పావలా
మళ్లీ చూశాను. పక్కన ఉన్న నాలుగును నిటారుగా నిలబెట్టి చూస్తే రెండో అంకె గుడిసె కప్పులా కిందికి తెరుచుకుని ఉంది. అంటే ఎనిమిదే కదా?

శరాబు_మనుమడు
ఎనిమిదే. ఇప్పుడు దీనిలోని అందం చూడండి. హిజ్రీ 1115 రంజాన్ అంటే 1704 జనవరి, ఆ హిజ్రీ సంవత్సరం ముగిసింది 1704 మే మొదట్లో. రెండు సంఖ్యలూ కలిసి మీ రూపాయి పుట్టుకను నాలుగు నెలల లోపలికి తెచ్చేశాయి. మూడు వందల ఇరవై ఏళ్లు దాటిన ఒక వస్తువు ఫలానా చలికాలానికి, ఫలానా ఎండాకాలానికి మధ్య తయారైందని ఇంత దగ్గరగా చెప్పగలగడం ఎంత అరుదో ఆలోచించండి.

గోల్కొండ_ఫలూస్
నాలుగు నెలలని అంత ఖచ్చితంగా చెప్పడం నాకు నచ్చదు. టంకశాలలో పాత అచ్చును పక్కన పడేయకుండా కొత్త సంవత్సరంలోనూ వాడిన సందర్భాలు ఉన్నాయి. ఒక వైపు అచ్చు మారి, రెండో వైపు మారకుండా ఉన్న నాణేలు దొరుకుతూనే ఉన్నాయి. కాబట్టి "ఆ నాలుగు నెలల అచ్చులతో కొట్టినది" అంటే సరిపోతుంది.

శరాబు_మనుమడు
ఒప్పుకుంటున్నాను, మీ మాటే సరైనది.

హాలీ_సిక్కా
ఇంకా టంకశాల పేరు తేలలేదు. పావలా గారూ, 48 ఉన్న వైపు అడుగు వరుసలో కనిపించే అక్షరాల ఆకారం ఎలా ఉందో చెప్పండి. ఫోటో పెట్టగలిగితే మరీ మంచిది. వెలుతురు ఎదురుగా కాకుండా పక్క నుంచి పడేలా తీయండి, అప్పుడే అరిగిన అక్షరం కూడా పైకి లేచి కనిపిస్తుంది.

పాతబస్తీ_పావలా
ఫోటో జత చేశాను. కిటికీ పక్కన సాయంత్రం ఎండలో తీశాను.

హాలీ_సిక్కా
చాలా చక్కగా వచ్చింది. పై వరుసల్లో "జులూస్", "మైమనత్", "మానూస్" మాటల ముక్కలు ఉన్నాయి, అంటే "శుభప్రదమైన ఆయన పాలనలో ఫలానా సంవత్సరం" అని భావం. అడుగున "జర్బ్" (ముద్రించిన చోటు అని) తర్వాత "దారుల్ జిహాద్", దాని పక్కన "హైదర" వరకు స్పష్టంగా ఉంది, "ఆబాద్" అంచు దాటి వెళ్లిపోయింది. గోల్కొండను గెలిచాక ఔరంగజేబు నాణేల మీద హైదరాబాదుకు పెట్టిన బిరుదు దారుల్ జిహాద్, అంటే జిహాద్ నిలయం అని. తర్వాత ఆసఫ్‌జాహీల (నిజాముల) కాలంలో అదే ఊరు నాణేల మీద "ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్" అయింది, అంటే మంచి ముహూర్తాన పునాది పడిన ఊరు అని. ఒకే ఊరిని గెలిచినవాడు ఒక పేరుతో, అక్కడ కాపురం పెట్టినవాడు ఇంకో పేరుతో పిలిచారు. నాకు ఈ రెండు బిరుదులూ పక్కపక్కన పెట్టి చూస్తే చరిత్ర పుస్తకం చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

రెండో వైపు ఉన్నది పద్యం: "సిక్కా జద్ దర్ జహాఁ చూ బద్రె మునీర్, షాహ్ ఔరంగజేబ్ ఆలంగీర్". పాదుషా లోకంలో నిండు చంద్రుడిలాంటి నాణెం ముద్రించాడని అర్థం. బంగారు మొహరుల మీద ఇదే పద్యంలో చంద్రుడి బదులు సూర్యుడు ఉంటాడు. వెండికి చంద్రుడు, బంగారానికి సూర్యుడు! అంతకుముందు పాదుషాల నాణేల మీద కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం) ఉండేది, అది చేతులు మారుతూ అపవిత్రం అవుతుందని ఔరంగజేబు తీయించి ఈ పద్యం వేయించాడు.

రాగిడబ్బు
అయితే మన పావలా గారి చేతిలో ఉన్నది మన ఊళ్లో పుట్టిన చందమామ అన్నమాట.

పాతబస్తీ_పావలా
మీరందరూ ఒక్కో అక్షరం చెబుతుంటే నేను భూతద్దం పట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కున్నాను. "బద్ర్" దొరికినప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఇంతకూ ఇది నకిలీ కాదని ఇప్పుడు నమ్మవచ్చా? ఆ రెండు గుచ్చుడు గుర్తులు ఏమిటి?

శరాబు_మనుమడు
అవి నాకు ఇంటి పేరంత దగ్గరి విషయం. మా తాతలు శరాబులు. డబ్బు మార్చే శరాబు తన చేతికి వచ్చిన రూపాయి లోపల రాగి ఉందేమోనని చిన్న ఉలితోనో ముద్రతోనో పొడిచి చూసేవాడు, బాగుంటే తన గుర్తు కూడా వేసేవాడు. ఈ గాట్ల వల్ల ధర కొంచెం తగ్గుతుందని కొందరు ముఖం చిట్లిస్తారు కానీ, ఆ నాణెం బజారులో నిజంగా తిరిగిందనడానికి అవి సాక్ష్యం. ఆ గాటు లోపలికి భూతద్దంతో చూడండి, అడుగు వరకూ వెండి రంగే ఉంటే మంచిదే.

నకిలీ సంగతికి వస్తే, 11.42 గ్రాములు మొఘల్ రూపాయికి తగిన బరువే. పోత పోసిన నకిలీలు తరచూ బరువు తేడాగా ఉంటాయి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, అక్షరాల మధ్య సూదిమొన అంత బుడిపెలు, గుంటలు కనిపిస్తాయి, అక్షరం అంచులు సబ్బు కరిగినట్టు మెత్తబడి ఉంటాయి. సుత్తితో కొట్టిన నాణెంలో వెండి అంచు వైపు పారినట్టు సన్నని గీతలు ఉంటాయి, అంచు కూడా ఒక చోట చీలి ఉండవచ్చు. మీ ఫోటోలో నాకు అవే కనిపిస్తున్నాయి. అయినా చేత్తో పట్టుకుని చూసినవారి మాటే చివరి మాట కనుక, అనుభవం ఉన్న ఒకరికి స్వయంగా చూపించండి.

సీమ_ఏనుగు
మాది గుత్తి పక్క. పావలా గారికి ఈ అంకెలు అలవాటయ్యాక ఒక హెచ్చరిక ఉపయోగపడుతుంది. కుడి నుంచి ఎడమకు రాసే పారసీలో కూడా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే రాస్తారు. దీనికి విరుద్ధంగా నడిచినవాడు టిప్పు సుల్తాన్. ఆయన 1787 ప్రాంతంలో మౌలూదీ అనే కొత్త శకం మొదలుపెట్టి, అంకెలను కూడా కుడి నుంచి ఎడమకు వేయించాడు. మా నాన్నగారి దగ్గర ఉన్న ఏనుగు పైసా మీద "ఫైజ్ హిసార్" అని ఉంటుంది, అది మా గుత్తికి టిప్పు పెట్టిన పేరు. దాని మీది సంవత్సరాన్ని నేను చిన్నప్పుడు 6121 అని చదివి, ఇంకా నాలుగు వేల ఏళ్లు గడిస్తే గానీ రాని నాణెం మా ఇంట్లో ఉందని బడిలో చెప్పుకున్నాను. అది 1216. ఆ శకాన్ని హిజ్రీ అనుకుని లెక్క కట్టినా తప్పు సంవత్సరమే వస్తుంది.

రాగిడబ్బు
హిజ్రీ నుంచి మామూలు సంవత్సరానికి మార్చడానికి సులువైన లెక్క ఎవరైనా చెప్పండి.

నల్లగొండ_మాస్టారు
హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కనుక ఈ గుణకారం కావాలి. 1115ను గుణిస్తే 1081.55 వస్తుంది, 622 కలిపితే 1703.55, అంటే 1703-04. నేరుగా 622 కలిపితే 1737 వచ్చి, అప్పటికి ఔరంగజేబు చనిపోయి ముప్పై ఏళ్లు అయి ఉంటుంది.

కువైట్_కడప
ఇక్కడి పాత బజారులో నేను ఒక ఉమయ్యద్ దిర్హమ్ (తొలి ఖలీఫా వంశపు వెండి నాణెం) అని కొన్నాను. వాటి మీద తేదీ అంకెల్లో ఉండదు, అంచు చుట్టూ "దేవుని పేరిట ఈ దిర్హమ్ వాసిత్‌లో ఫలానా సంవత్సరంలో ముద్రించబడింది" అని మాటల్లో ఉంటుంది. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో బంగారు దీనారును, 79లో వెండి దిర్హమ్‌ను బొమ్మలు తీసేసి రాతలతోనే నింపాడు. అసలైన దిర్హమ్ మూడు గ్రాములకు కాస్త తక్కువ ఉండాలి, దీనారు 4.25 గ్రాముల దగ్గర ఉండాలి. నా దిర్హమ్ నాలుగు గ్రాములు దాటింది. పైగా అదే వ్యాపారి దగ్గర మరో రెండు దిర్హములు చూస్తే, మూడింటి మీదా ఒకే అక్షరం పక్కన ఒకే చోట ఒకే గుంట ఉంది. చేత్తో కొట్టిన మూడు నాణేలకు ఒకే గాయం ఉండదు కదా. శరాబు గారు చెప్పిన సూదిమొన బుడిపెలు ఇప్పుడు చూశాను, ఉన్నాయి.

శరాబు_మనుమడు
మీ మూడు నాణేల పోలిక చాలా విలువైన గమనిక. ఒకే గుంట ఒకే చోట అన్నిటి మీదా కనిపిస్తే అవి ఒకే నాణెం నుంచి పోత పోసినవి అయ్యే అవకాశం ఎక్కువ.

మెహదీపట్నం_అత్త
పావలా గారి వెండి నల్లబడి ఉంది కదా, చింతపండు, ఉప్పు వేసి రుద్దితే అక్షరాలు ఇంకా బాగా కనిపించవా? పూజ సామాను మేము అలాగే తోముతాం.

హాలీ_సిక్కా
అత్తా, దయచేసి ఆ పని చేయించవద్దు. పులుపు వెండి పైపొరను తినేస్తుంది, రుద్దితే సన్నని గీతలు పడతాయి, ఆ మెరుపు చూసిన ఏ సేకర్తకైనా తోమిన నాణెమని ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. నలుపు అక్షరాల మధ్య నిలబడి ఉండటం వల్లే రాత విడిగా కనిపిస్తోంది. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్దితే చాలు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో కూడా పెట్టవద్దు, కొన్నేళ్లకు పచ్చని జిగురు పడుతుంది.

మెహదీపట్నం_అత్త
నేను చాలా ఏళ్ల కిందట మా అత్తగారి చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు నాలుగు అలాగే తోమేశాను. ఇప్పుడు బాధగా ఉంది. మిగిలిన ఒకటి తోమలేదు, దాని ద్వారంలో ఏదో అక్షరం ఉంది.

హాలీ_సిక్కా
తోమిన వాటిని పారేయకండి, మీ అత్తగారి జ్ఞాపకం తోమితే పోదు. చార్మినార్ ద్వారంలో "మీమ్" అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. పైన 92 అని అంకె ఉంటుంది, అది సంవత్సరం కాదు. "ముహమ్మద్" పేరులోని అక్షరాలకు అబ్జద్ లెక్కలో ఉన్న విలువలు కలిపితే 92 వస్తుంది: నలభై, ఎనిమిది, నలభై, నాలుగు. 1857 తిరుగుబాటుకు ముందు నిజాములు మొఘల్ పాదుషా పేరు మీదే నాణెం కొట్టేవారు, ఆ పాదుషా పోయాక ఆసఫ్ జాహ్ పేరు, ఈ 92 వచ్చాయి.

నల్లగొండ_మాస్టారు
మా అమ్మ ఇప్పటికీ "హాలీ", "కల్దార్" అని రెండు రకాల రూపాయల గురించి చెబుతుంది. నిజాం రూపాయి హాలీ సిక్కా, ఇంగ్లీషువారిది కల్దార్. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. సరిహద్దు దాటి విజయవాడ వెళ్లి వచ్చిన ప్రతిసారీ మా తాతయ్య ఈ లెక్క వేళ్ల మీద వేసేవాడట.

డాలస్_డబ్బు
నేను డిసెంబరులో వస్తున్నాను. అమ్మమ్మ ఇచ్చిన చార్మినార్ రూపాయి, హిజ్రీ 1330ది, ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

గోల్కొండ_ఫలూస్
వద్దు. 1330 అంటే 1911-12, వందేళ్లు దాటింది. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి తీసుకువెళ్లకూడదు. మీ చెల్లెలి దగ్గరో అన్న దగ్గరో ఉంచి, ఫోటో తీసుకెళ్లండి.

రాగిడబ్బు
మా పక్క చేనులో దున్నుతుంటే కుండతో రాగి నాణేలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని మీద 1068 ఉంది. చేను గలాయన కిలోల లెక్కన అమ్ముతానంటున్నాడు, నేను కొనవచ్చా?

గోల్కొండ_ఫలూస్
కొనవద్దు, ఆయన్ను అమ్మనివ్వకండి కూడా. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయల విలువ మించిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. చట్టం సంగతి అటుంచితే, ఆ కుండ ఎక్కడ, ఎంత లోతున, ఏ నాణేలతో కలిసి ఉందో అదే అసలు సమాచారం. ఆ కుండలో అన్నిటికంటే తర్వాతి కాలపు నాణెం ఏదో తెలిస్తే కుండను ఎప్పటి తర్వాత పూడ్చారో తెలుస్తుంది. పది మంది పది చోట్లకు కొనుక్కుపోతే ఆ ప్రశ్నకు జవాబు ఇక ఎవరూ చెప్పలేరు.

1068 చదివారంటే మీరు అబ్దుల్లా కుతుబ్ షా ఫలూస్ (రాగి నాణెం) చూశారని నా నమ్మకం. దాని మీద "ఖత్మ్ బిల్ ఖైర్ వస్సాదత్" అని ఉంటుంది, మేలుతో, శుభంతో ముగిసింది అని. పావలా గారు వెతుకుతున్న అసలు కుతుబ్‌షాహీ నాణెం ఇదే జాతిది, వెండిది కాదు. దయచేసి ఇవాళే తహసీల్దారుకైనా ఒక మాట చెప్పించండి.

రాగిడబ్బు
చేను గలాయనతో మాట్లాడాను. మొదట కోపపడ్డాడు గానీ సర్పంచిని వెంటబెట్టుకుని రేపు మండలాఫీసుకు వస్తానన్నాడు. కుండ ఉన్న చోట కర్ర పాతించి, కుండ పెంకులు కూడా పోగు చేయించాను.

పాతబస్తీ_పావలా
ఈ ఉదయం ఆ వ్యాపారి దగ్గరికి వెళ్లి ఒక్కో అక్షరం చూపించి, ఇది కుతుబ్‌షాహీలది కాదు, ఔరంగజేబుదని చెప్పాను. "హైదరాబాదుది అన్నాను కదా" అని మొదట దబాయించాడు గానీ, దారుల్ జిహాద్ చదివి వినిపించేసరికి మూడు వేలు తిరిగి ఇచ్చాడు. నాణెం మాత్రం నేను ఇవ్వలేదు. కాగితం కవరులో పెట్టి దాని మీద ఇలా రాశాను: "ఔరంగజేబు, వెండి రూపాయి, దారుల్ జిహాద్ హైదరాబాద్, హిజ్రీ 1115, పాలనా సంవత్సరం 48, 11.42 గ్రాములు, శరాబు గుర్తులు రెండు."

శరాబు_మనుమడు
ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారో కూడా కింద రాయండి. వ్యాపారి ఏమని చెప్పి అమ్మాడో అదీ రాయండి.

పాతబస్తీ_పావలా
రాశాను. కవరు వెనక వైపు మా అమ్మాయి "ఇది సున్నా కాదు, ఐదు" అని తన చేతిరాతతో రాసింది.